పిల్లికి గ్రూమింగ్ చేయిస్తున్నారా? ముందు వాళ్ల సంచిలో ఏముందో చూడండి

హైదరాబాద్‌లో పర్షియన్ వంటి పొడవాటి బొచ్చు పిల్లులను పెంచుతూ, ఇంటికే వచ్చి స్నానం చేయించి వెళ్లే గ్రూమింగ్ సేవలను ఫోన్‌లో బుక్ చేసుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. ప్యాకేజీ వివరాల్లో ‘ఫ్లీ, టిక్ ట్రీట్‌మెంట్ ఉచితం’ అన్న మాట కనిపిస్తే, ఆ ఉచితంగా ఇచ్చేది ఏ మందో తేల్చుకోకుండా డబ్బు కట్టకండి. గత మే నెలలో నేను ఆ మాట అడగలేదు. మా దూది రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది.

దూది నాలుగేళ్ల తెల్ల పర్షియన్. ఇంట్లో పెళ్లి పనుల వల్ల దాదాపు రెండు వారాలు సరిగా దువ్వలేదు. చంకల్లో, పొట్ట కింద, వెనక కాళ్ల మధ్య బొచ్చు ఉండలు కట్టింది. ఈ వ్యవహారంలో మా తప్పు అంతవరకు ఉంది. కూకట్‌పల్లిలోని మా ఫ్లాటుకు ఆదివారం సాయంత్రం వచ్చిన అబ్బాయి మాట నెమ్మదస్తుడే కాని, పని మొదలుపెట్టిన తీరులోనే తేడా కనిపించింది. చిక్కులు తీయకుండానే నేరుగా నీళ్లు పోశాడు. తడిసిన చిక్కు ఆరేకొద్దీ బిగిసి, చర్మాన్ని పట్టి లాగుతుంది కాబట్టి పొడవాటి బొచ్చు పిల్లికి ముందు దువ్వెన, తరువాతే నీళ్లు. ఆ పైన ఉండను వేళ్లతో పైకెత్తి కత్తెర వేయబోయాడు. పిల్లి చర్మం పలుచన, ఉండతో పాటు అదీ పైకి లేస్తుంది. కత్తెరకు ఏది దొరుకుతుందో కంటికి తెలియదు. నేను వద్దన్నాక ట్రిమ్మర్ తీశాడు. నేను అక్కడితోనే పని ఆపించి పంపేయవలసింది.

చివర్లో మెడ వెనక బొచ్చు పాయ తీసి, ఒక చిన్న ట్యూబులోని ద్రవాన్ని చుక్కలుగా వేశాడు. ఏమిటని అడిగితే ‘పురుగులు పట్టకుండా సార్, అందరికీ వేస్తాం’ అన్నాడు. రాత్రి పదకొండు దాటాక దూది చెవులు వాటంతట అవే కొట్టుకోవడం మొదలైంది. నోటి వెంట చొంగ, కాళ్లలో వణుకు, ముట్టుకుంటే ఉలిక్కిపడటం. మరో గంటకు ఒళ్లంతా అదురుతోంది. అర్ధరాత్రి తెరిచి ఉన్న ఒక క్లినిక్‌కు పరుగెత్తితే, డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న ‘ఇవాళ ఒంటికి ఏం రాశారు?’ అని. సంస్థకు ఫోన్ చేస్తే మొదట విటమిన్ అన్నారు. ట్యూబు ఫొటో పంపితే తప్ప ఫోన్ పెట్టనని పట్టుబట్టాక పంపారు. దాని మీద కుక్క బొమ్మ ఉంది, కింద సన్నటి అక్షరాల్లో పర్మెత్రిన్ అని ఉంది.

కుక్కలకు పిడుదులు పట్టకుండా వాడే మందుల్లో పర్మెత్రిన్ మామూలే; కొన్ని ట్యూబుల్లో అది సగానికి సగం ఉంటుంది. కుక్క శరీరం దాన్ని విరిచి బయటకు పంపగలదు. పిల్లి కాలేయంలో ఆ పని చేసే ఎంజైము చాలా తక్కువ కావడంతో మందు ఒంట్లోనే నిలిచి నరాల మీద పనిచేస్తుంది. వణుకు, మూర్ఛ వస్తాయి, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. దీనికి విరుగుడు మందు లేదు, వణుకును అదుపు చేస్తూ మందు దిగిపోయేదాకా కాచుకోవడమే చికిత్స. పిల్లి రోజంతా తన ఒళ్లు తానే నాక్కుంటుంది కనుక, చర్మం గుండా చేరింది చాలదన్నట్టు నోటి గుండా మరికొంత లోపలికి పోతుంది. లక్షణాలు కొన్ని గంటల్లోనే రావచ్చు, ఒకటి రెండు రోజులు ఆలస్యంగానూ రావచ్చు.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. అతనికి కుక్కలకూ పిల్లులకూ కలిపి ఒకే సంచి ఇచ్చి పంపిన వాళ్లదే తప్పు. నా ఫిర్యాదుకు సంస్థ ఇచ్చిన జవాబు, తరువాతి స్నానానికి ముప్పై శాతం తగ్గింపు కూపను. దాన్ని వాడుకునే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు, దూదికి అసలే లేదు.

కాబట్టి బుక్ చేసేటప్పుడే, పిల్లి ఒంటికి వాడబోయే ప్రతి షాంపూ, పొడి, చుక్కల మందు పేర్లు రాతపూర్వకంగా పంపమనండి. పర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, అమిట్రాజ్ అన్నవాటిలో ఏది కనిపించినా ఆ బుకింగ్ వద్దనుకోండి. టీ ట్రీ నూనె కలిపిన ‘నేచురల్’ స్ప్రేలు కూడా పిల్లులకు పనికిరావు. ఇంట్లో కుక్క కూడా ఉంటే, దానికి ఇలాంటి మందు వేసిన రోజుల్లో పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకండి. చిక్కులు విపరీతంగా ఉండి పిల్లి కుదురుగా లేకపోతే మత్తు ఇస్తామని కొందరు ముందుకు వస్తారు. పర్షియన్ల ముఖం చప్పిడిగా ఉండి ఊపిరి తీయడమే కష్టం కనుక, మత్తు పశువైద్యుల చేతిలోనే జరగాలి.

పొరపాటున వేసేశారని తెలిస్తే, పిల్లి ఇంకా స్థిమితంగా ఉంటే, గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు కడిగే ద్రవ సబ్బుతో ఆ చోటు కడిగి, తువ్వాలులో చుట్టి వెంటనే బయలుదేరండి. వేడినీళ్లు, చన్నీళ్లు రెండూ వద్దు. వణుకు మొదలై ఉంటే స్నానం మాట మరచి నేరుగా వైద్యుల దగ్గరకు వెళ్లండి. ట్యూబు గాని, దాని ఫొటో గాని చేతిలో ఉండాలి. రాత్రివేళ తెరిచి ఉండే క్లినిక్ మీ ఇంటికి దగ్గరలో ఏదో ఈ రోజే కనుక్కుని నంబరు రాసి పెట్టుకోండి.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. జరిగిన నాటి నుంచి రెండేళ్ల గడువుంది, చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే రుసుము లేదు. అందుకే బిల్లు, ట్యూబు ఫొటో, ఆసుపత్రి కాగితాలు ఒక కవరులో పెట్టి దాచాను. ఇప్పుడు దూదిని రోజూ రాత్రి నేనే దువ్వుతున్నాను, ముందు వెడల్పు పళ్ల దువ్వెనతో, ఆ తరువాత సన్నపళ్ల దానితో. చంకల దగ్గరకు రాగానే ఇప్పటికీ గుర్రుమంటుంది.