హుద్‌హుద్‌లో తడిసినా పారేయలేకపోయిన అంకుల్ నవలలు

మర్చంట్ నేవీలో చేసిన మా మేనమామకి పోర్టు ఊళ్ళలో పాత పుస్తకాల కొట్టు కనపడితే చాలు, సంచీ నిండిపోయేది. అలా మామయ్య తెచ్చినవే ‘ద మ్యాన్ ఫ్రమ్ అంకుల్’ నవలలు. ఈ అంకుల్ మామయ్య కాదులెండి, గూఢచారి సంస్థ. ఈ నవలలకి ఆధారమైన అదే పేరు టీవీ సీరియల్ అమెరికాలో 1964 నుంచి 1968 దాకా వచ్చింది, నేను డీవీడీల్లో చూసి పడిపోయాను. న్యూయార్క్‌లో ఒక టైలర్ షాపు ట్రయల్ రూమ్ వెనక గోడలోంచి ఆఫీసుకి దారి ఉంటుంది. ఇప్పటికీ మా విశాఖ జగదాంబ దగ్గర ప్యాంటు ఆల్టరేషన్‌కి ఇస్తే కర్టెన్ వెనక్కి ఒకసారి చూస్తాను.

అమెరికాలో ఏస్ సంస్థ వేసిన నవలలు మొత్తం 23. నా దగ్గరున్నవి 14, పదిహేనేళ్ళుగా తిరగేస్తూనే ఉన్నాను. కథ కోసమైతే కొనొద్దు. ఇది నాకు తెలిసొచ్చింది 2014 అక్టోబర్‌లో. హుద్‌హుద్ తుఫానుకి కిటికీ అద్దం పగిలి అల్మరా అంతా తడిసిపోయింది, కరెంటు లేదు, ఫ్యాను లేదు, ఎండ రాగానే డాబా మీద పాత చీర పరిచి పుస్తకాలన్నీ ఆరబెడితే మా అమ్మ చూసి “వడియాలు పెట్టావేంట్రా?” అంది. రెండు పుస్తకాల బైండింగ్ జిగురు ఊడిపోయి పేజీలు కలిసిపోయాయి. ఏరి పెట్టుకుని చదువుతుంటే పది పేజీలయ్యాక గానీ వేరే నవల్లోకి వెళ్ళిపోయానని గమనించలేదు! అక్కడా హీరో నెపోలియన్ సోలో బందీయే, ఇక్కడా బందీయే. ఆ రెంటికీ కలిపి రబ్బరు బ్యాండు వేసేశాను.

మరెందుకు ఉంచుకున్నావంటే, డేవిడ్ మెక్‌డేనియల్ కోసం. ఈ నవలలు చాలామంది రచయితలు రాశారు గానీ సీరియల్‌ని నిజంగా ప్రేమించినట్టు అనిపించేది ఇతనే. సీరియల్లో శత్రువుల ముఠా పేరు థ్రష్, ఆ అక్షరాలకి అర్థం ఎక్కడా చెప్పరు. ‘ద డాగర్ అఫైర్’లో ఇతను అవాంఛనీయుల్ని ఏరేసి మానవజాతిని లొంగదీసుకునే సాంకేతిక అధికారగణం అన్న అర్థం వచ్చేలా పూర్తి పేరు కట్టాడు, అభిమానులంతా దాన్నే ఖాయం చేసేసుకున్నారు. అంతకన్నా నాకు నచ్చింది శాన్ ఫ్రాన్సిస్కో థ్రష్ పెద్ద వార్డ్ బాల్డ్విన్. భార్యతో కలిసి అతిథి మర్యాదలు చేసే పెద్దమనిషి. అందరినీ మింగేసే ప్రమాదం వస్తే అంకుల్‌తో చెయ్యి కలపడానికి కూడా సిద్ధపడతాడు. ఇంత తీరిగ్గా విలన్ ఇంట్లో కూర్చోబెట్టడం వారం వారం వచ్చే ఎపిసోడ్‌కి కుదిరే పని కాదు.

‘ద రెయిన్‌బో అఫైర్’ ఇంకా అల్లరి. ఇంగ్లండులో తేనెటీగలు పెంచుకునే ఒక ముసలాయన తగులుతాడు, షెర్లాక్ హోమ్స్ అని మీకే తెలిసిపోతుంది, అసలు పేరు మాత్రం రాయడు. షాడో నవల మధ్యలో కొమ్మూరి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు పేర్లు చెప్పకుండా వచ్చి వెళ్ళిపోతే మనకెలా ఉంటుంది? అలా.

మైకేల్ అవలోన్ రాసిన మొదటిది, 1965లో వచ్చింది, నాకు చప్పగా అనిపించింది. అంతా సోలో హడావిడే. సీరియల్లో నాకు ప్రాణం ఇల్యా కుర్యాకిన్. కోల్డ్ వార్ నడుస్తుండగా రష్యావాణ్ణి హీరో పక్కన నిలబెట్టారు, ఆ పాత్ర వేసిన డేవిడ్ మెక్‌కాలమ్ ఏమీ మాట్లాడకుండా అలా ఓ చూపు చూస్తే చాలు. ఆ చూపుని కాగితం మీద పెట్టడం ఎవరి వల్లా కాలేదు, మెక్‌డేనియల్ కూడా దగ్గరిదాకా వచ్చాడంతే. అందుకే ముందు కనీసం నాలుగు ఎపిసోడ్లు చూసి పుస్తకం తెరవండి, చెవిలో గొంతులు వాటంతటవే మోగుతాయి.

కాగితం నాసిరకం, అక్షరాలు చిన్నవి, మన సముద్రపు గాలికి అంచులు గోధుమరంగులోకి తిరిగి ముట్టుకుంటే రాలిపోతున్నాయి. ఆన్‌లైన్లో విదేశాల నుంచి తెప్పిస్తే పుస్తకం కన్నా పోస్టేజీ ఎక్కువైంది, పైగా ఒక అమ్మకందారు పంపిన దాంట్లో చివరి ఎనిమిది పేజీలు లేవు. సోలో ఎలాగూ బతుకుతాడు కదా అని తిరిగి పంపలేదు.