ఆసుపత్రి వృద్ధుల వార్డులో కుటుంబ భాగస్వామ్య సేవ: పదకొండు రోజుల అనుభవం

తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స చేయించుకున్న మా నాన్నగారికి 82 ఏళ్లు. ఆయనను చేర్పించిన ఆసుపత్రిలో, వృద్ధ రోగులకు డెలీరియం రాకుండా కాచుకునే పనిలో ఇంటివాళ్లకూ భాగం కల్పించే సేవ ఒకటి ఉంది.

డెలీరియం అంటే ఏళ్ల తరబడి ముదిరే మతిమరుపు కాదు; కొద్ది గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో మొదలై, పొద్దున తేరుకున్నట్టే ఉండి సాయంత్రానికి మళ్లీ కమ్ముకునే అయోమయం. పెద్దవాళ్లు సంధి ప్రేలాపన అనేది చాలావరకు దీన్నే. 1999లో అమెరికా వైద్యురాలు శారన్ ఇనోయె బృందం ప్రచురించిన అధ్యయనంలో, 70 ఏళ్లు, ఆ పైబడిన 852 మందిని పరిశీలించగా, మామూలు సంరక్షణలో ఉన్నవారిలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, నిద్ర, నడక, చూపు, వినికిడి, నీళ్ల విషయంలో ప్రత్యేక శ్రద్ధ పొందినవారిలో 9.9 శాతం మందికే వచ్చింది. అక్కడ ఆ పనులు శిక్షణ పొందిన సిబ్బంది, వాలంటీర్లు చేశారు. ఈ ఆసుపత్రి వాటిలో కొన్నింటిని మాకు అప్పగించింది.

మొదటి రోజే ఒక నర్సు అరగంట కూర్చుని, నాన్నగారికి ఏ చెవి బాగా వినిపిస్తుందో, ఎన్నింటికి పడుకుంటారో, మామూలుగా ఎంత మాట్లాడతారో అడిగి కార్డు మీద రాసుకున్నారు. కళ్లద్దాలు, వినికిడి యంత్రం చేతికందేలా ఉంచడం, తేదీ, వారం మాటల మధ్యలో గుర్తుచేయడం, పగలు కర్టెన్లు తీసి ఉంచడం, తప్పు మాట్లాడితే వాదించకపోవడం మా వంతు. మూడో రోజు ఆయన అడిగినదానికి పొంతన లేని జవాబులు చెబుతుంటే యువ వైద్యుడు కంగారుపడ్డారు. వినికిడి యంత్రంలో బ్యాటరీ మార్చగానే జవాబులు దారికొచ్చాయి.

ఈ సేవ అసలు విలువ అయిదో సాయంత్రం తెలిసింది. నాన్నగారు గొడవ చేయలేదు, ఊరికే దుప్పటి అంచు పీకుతూ, మొదలుపెట్టిన మాట మధ్యలో వదిలేస్తున్నారు. వార్డు లెక్కలో ఆయన బుద్ధిగా పడుకున్న రోగి. కానీ "ఇది ఆయన తీరు కాదు" అని నేను చెప్పగానే నర్సు కార్డు తీసి చూసి, ధ్యాస నిలుస్తోందో లేదో తెలుసుకోవడానికి డిసెంబరు నుంచి నెలలు వెనక్కి చెప్పమన్నారు. ఆయన అక్టోబరు దగ్గర ఆగిపోయారు. పరీక్షిస్తే మూత్రం నిలిచిపోయి ఉంది. దానికి చికిత్స జరిగాక రెండు రోజుల్లో మనిషి మనిషయ్యారు.

రాత్రి సిబ్బందికి మాత్రం ఈ కార్డు సంగతే తెలియదు. అర్ధరాత్రి దాటాక కూడా దీపాలు వేసి బీపీ చూసేవారు. రాత్రి నిద్ర కోసం పగలంతా మేము పడిన శ్రమ అక్కడే పాడయ్యేది. ఏడో రాత్రి మాకు చెప్పకుండా మంచం మార్చారు, కళ్లద్దాలు పాత సొరుగులోనే ఉండిపోయాయి. సహాయకుడికి ఇచ్చింది వెనక్కి వాలని కుర్చీ, మమ్మల్ని విడిపించే మనిషి లేడు. పగటి పనికి అయిదులో నాలుగున్నర ఇస్తాను, రాత్రికి ఒకటికి మించి ఇవ్వలేను. ఇంటికి వెళ్లాక ఏ మార్పు కనిపిస్తే వెంటనే తిరిగి రావాలో కూడా, డిశ్చార్జి రోజున మేమే అడిగి రాయించుకోవలసి వచ్చింది.