నొక్కితే వెలిగే డైనమో టార్చి: డొప్ప పారదర్శకమైతేనే కొనండి

శక్తి ఎలా రూపం మార్చుకుంటుందో పిల్లలకు చూపించడానికి గోడ చార్టు కంటే ఈ టార్చి ఎంతో మేలు. లోపలి పళ్లచక్రాలు బయటికి కనబడాలి. నల్ల డొప్పది కొంటే సగం పాఠం పోయినట్టే.

పిడి నొక్కగానే పళ్లచక్రాలు వేగం పెంచి అయస్కాంతాన్ని తిప్పుతాయి. రాగితీగ చుట్ట పక్కన అది గిర్రున తిరిగితే తీగలో కరెంటు పుడుతుంది. 1831లో శాస్త్రవేత్త ఫారడే కనుగొన్నది ఇదే. కండరాల బలం చలనంగా, చలనం విద్యుత్తుగా, విద్యుత్తు వెలుగుగా మారడం ఒక్క గుప్పిట్లో కనిపిస్తుంది. రయ్యిమనే ఆ చప్పుడు కూడా శక్తే, వెలుగు కాకుండా జారిపోయిన వాటా. ఇంట్లో ఫ్యాను చేసేది సరిగ్గా దీనికి తిరగేసిన పని: విద్యుత్తు తీసుకుని చలనం ఇస్తుంది.

బలహీనత ప్లాస్టిక్ పళ్లే. పిడి నొక్కుతున్నా చక్రం తిరగక జారుతుంటే అవి అరిగినట్టు, ఇక బాగుచేయలేం. పిల్లలు దబదబా బాదకుండా, పిడిని చివరిదాకా నొక్కి పూర్తిగా వదలడం నేర్పండి.

కొట్లోనే ఒక పరీక్ష చేయండి. పిడి ముట్టుకోకుండా స్విచ్ వేయండి. వెలుగు నిలకడగా వస్తే లోపల సెల్లు ఉంది. చవక రకాల్లో డైనమో పేరుకే, వెలిగించేది బటన్ సెల్లు, అంటే బొత్తాం లాంటి చిన్న బ్యాటరీ. అలాంటిది వద్దు. పిల్లలు ఆ సెల్లు మింగితే 2 గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. సెల్లున్నదే దొరికితే, మూత స్క్రూతో బిగించి ఉందో లేదో చూడండి.