కదలని సూర్యుడి కింద: ఎల్‌హెచ్‌ఎస్ 1140బికి ఒక ఊహాయాత్ర

మరో నక్షత్రం చుట్టూ తిరిగే ఎల్‌హెచ్‌ఎస్ 1140బి గ్రహం మీద బస వెతుక్కునేవాళ్లు ముందు ఒక్కటే అడగండి: గది నుంచి నీళ్లకు ఎన్ని అడుగులు? గది ఎంత పెద్దది, కిటికీలోంచి ఏం కనిపిస్తుంది, ఇవన్నీ తర్వాత. మేం కిటికీ చూసి బుక్ చేసుకుని మూడు రోజులు నడుములు పట్టేసి మంచాల మీదే ఉన్నాం.

ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు, అంతా నిద్రే. దూరం 49 కాంతి సంవత్సరాలు కాబట్టి "క్షేమంగా చేరాం" అని ఇంటికి పెట్టిన మెసేజ్ అందడానికే 49 ఏళ్లు పడుతుంది. అయినా నాన్న పెట్టమన్నారు, పెట్టాను.

అసలు కష్టం దిగాక మొదలైంది. 2017లో బయటపడిన ఈ గ్రహం వెడల్పు భూమికి 1.7 రెట్లే గానీ ద్రవ్యరాశి 5.6 రెట్లు. అంటే ఒంటి బరువు దాదాపు 1.9 రెట్లవుతుంది. 60 కిలోల మనిషి నెత్తిన ఇంకో 50 కిలోల మూట పెట్టినట్టే. మోకాళ్ల నొప్పులున్న నాన్న నాలుగడుగులు వేసి, "ఏరా, తిరిగి వెళ్లేదెప్పుడు?" అన్నారు.

మొదటి బస మంచు అంచున. ఈ గ్రహం ఎప్పుడూ ఒకే ముఖం తన సూర్యుడి వైపు పెట్టి తిరుగుతుంది. సూర్యుడు నడినెత్తిన ఉండే చోటు చుట్టూ సముద్రం, మిగతాదంతా మంచు. 2024లో శాస్త్రజ్ఞులు వేసిన అంచనాల్లో ఒకటి కూడా ఇలాగే ఉంది: సుమారు 4,000 కిలోమీటర్ల వెడల్పు నీళ్లు, మధ్యలో 20 డిగ్రీల వెచ్చదనం. బసవాళ్ల ప్రకటనలో 'నిత్యం సంధ్యాకాంతి' అని ఉంది. తీరా చూస్తే సూర్యుడు అక్కడా నెత్తి మీదే! ఇంత పెద్ద గ్రహం మీద మధ్య నుంచి 2,000 కిలోమీటర్లు జరిగితే సూర్యుడు వాలేది పది డిగ్రీలే. సంధ్య చూడాలంటే మంచు మీద ఇంకో 15,000 కిలోమీటర్లు పోవాలి. అడిగితే నారింజ రంగు కిటికీ అద్దాలు చూపించారు. పైగా నీళ్లకు వెళ్లాలంటే నలభై మెట్లు. అక్కడికి వెళ్లకండి.

రెండోది సముద్రం మధ్యలోని తేలే ఊరు. గదులు నాసిరకం. తలుపులు సరిగ్గా పడవు, కిటికీ తెరల సందుల్లోంచి వెలుగు వస్తూనే ఉంటుంది. రాత్రే లేని చోట అది చిన్న లోపం కాదు. నిద్రవేళకు గంట కొడతారు, నిద్ర మాత్రం రాదు. కానీ మంచం పక్కనే నేలలో మూత, తీస్తే నీళ్లు. మన ఒళ్లు ఎంత బరువెక్కిందో నీరూ అంతే బరువెక్కింది కాబట్టి తేలడం భూమి మీద తేలినట్టే ఉంటుంది. నాన్న దిగి వెల్లకిలా పడుకుని, కాసేపటికి కాళ్లు ఆడించారు. "నన్నింక లేపకు" అన్నారు. అక్కడి సిబ్బంది కూడా మీటింగులు నీళ్లలోనే పెట్టుకుంటారట.

డైవింగ్ ఒక్కసారి చేశాను, అది చాలు. భూమి మీద పది మీటర్ల లోతుకు పెరిగే ఒత్తిడి ఇక్కడ ఐదు మీటర్లు దాటగానే పెరుగుతుంది. వెంట వచ్చినామె ఎంత ఓపికగా ఉన్నా చెవుల నొప్పి తప్పలేదు. చూసిందీ తక్కువే. ఇక్కడి సూర్యుడు పాతకాలపు ఫిలమెంట్ బల్బులా వెలుగుతాడు. ఆ ఎర్రటి వెలుగును నీళ్లు త్వరగా మింగేస్తాయి, కొంచెం దిగితే చీకటే.

ఏడాదికి 25 రోజులు కూడా లేవు. ఊళ్లో ఒక పాప తన వయసు నూట పద్దెనిమిదని గర్వంగా చెప్పింది, మన లెక్కలో ఎనిమిది.

వెళ్తే నాలుగున్నర రోజులకోసారి జరిగే 'చుక్క' సమయం ముందే కనుక్కోండి. లోపలి కక్ష్యలోని ఎల్‌హెచ్‌ఎస్ 1140సి గ్రహం నల్లచుక్కలా సూర్యుడి మీదుగా దాటుతుంది. ఇక్కడి సూర్యుడు వెడల్పులో భూమి నుంచి మనకు కనిపించేదానికి రెట్టింపు పైనే, చుక్క అందులో పదమూడో వంతు. ఫిల్టర్ కళ్లజోళ్లు అడిగితేనే ఇస్తారు, వాటి పట్టీలు వదులు. గంటలోపే అయిపోతుంది. నాన్న మూడుసార్లు చూశారు, మూడుసార్లూ నీళ్లలో పడుకునే.