కాటో యూనిట్రాక్: మేడగదిలో పాకాల జంక్షన్

తిరుపతిలో మా మేడగదిలో పాకాల జంక్షన్ నమూనా కట్టడానికి, జపాన్ సంస్థ కాటో తయారుచేసే ఎన్ స్కేల్ (అసలు రైలులో దాదాపు 160వ వంతు పరిమాణం) నమూనా రైలు పట్టాల సెట్టు యూనిట్రాక్‌ను ఎంచుకున్నాను. పట్టాలకు అడుగున కంకర కట్ట కూడా కలిసే వస్తుంది కాబట్టి, మేకులు కొట్టే పని లేకుండా ముక్కలను బల్లపై బిగించి, అమరిక నచ్చకపోతే విడదీసి మళ్లీ కూర్చుకోవచ్చు. 282 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల 45 డిగ్రీల వంపులు ఎనిమిది కలిపితే పూర్తి వలయం ఏర్పడుతుంది. అతుకులపై గోటితో రాసి చూసినా ఎక్కడా తగలలేదు. నేను మనసారా మెచ్చుకునేది దీన్నే. మన బ్రాడ్‌గేజ్ వెడల్పు 1,676 మిల్లీమీటర్లు, 1:160 నిష్పత్తిలో అది దాదాపు 10.5 కావాలి, ఈ ట్రాక్ వెడల్పు 9 మాత్రమే కనుక కచ్చితమైన కొలతలు కోరేవారు ముందే ఆలోచించుకోవాలి. వేసవి దుమ్ముకు పట్టాలు నల్లబడి ఇంజను తడబడితే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన నూలుగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.