జింకలకు అడ్డం: కరెంటు తీగా, సోలార్ కంచా?

నారాయణపేట జిల్లా మక్తల్, మాగనూరు, కృష్ణ మండలాల్లో మొలకెత్తిన కందిని, పత్తిని కృష్ణజింకల మంద ఒక్క పూటలో మేసేస్తుంది. రైతు కడుపుమంట నిజమే.

కానీ కరెంటు స్తంభానికి కొక్కెం తగిలించి చేను చుట్టూ లాగిన తీగలో 230 వోల్టుల కరెంటు ఆగకుండా పారుతుంది. కండరాలు బిగుసుకుపోతాయి, గుండె ఆగుతుంది. అది జింకైనా, తెల్లారక ముందే మోటరు వేయడానికొచ్చిన పక్క చేను రైతైనా అంతే. ఇది కాపలా కాదు, వేటే. కృష్ణజింక వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 (అత్యంత రక్షణ ఉన్న జాబితా) జంతువు, చంపితే కనీసం 3 ఏళ్ల జైలు, 25 వేల జరిమానా.

సోలార్ కంచెలో వోల్టేజీ వేలల్లో ఉన్నా, సెకనుకోసారి, రెప్పపాటు కన్నా తక్కువసేపే కొడుతుంది. జంతువు బెదిరి వెనక్కి పోతుంది, చావదు. దీనికి చాకిరీ మాత్రం ఎక్కువ. గడ్డి తాకితే షాక్ నీరసిస్తుంది, కోస్తూనే ఉండాలి. ఎండాకాలం చెలక ఎండిపోతే ఎర్త్ పట్టదు. నేలలో పాతిన ఎర్త్ కడ్డీ మొదట్లో బిందెడు నీళ్లు పోయాలి. కింది తీగ మోకాలెత్తున కడితే జింక కిందనుంచే దూరిపోతుంది.