పగిలిన స్వింగ్ ఆర్మ్: రెండో రిపేరు, పద్నాలుగు నెలల తర్వాత

ఒంగోల్లో మా పెరట్లో కట్టుకున్న గో కార్ట్ ఇది. పాత 150 సీసీ బైక్ ఇంజను, 2 ఎంఎం మందం స్క్వేర్ పైపుతో చేసిన వెనక స్వింగ్ ఆర్మ్ (వెనక యాక్సిల్‌ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చెయ్యి), దానికి ఒకటే షాక్ అబ్జార్బర్. తిరిగేదంతా కొత్తపట్నం దగ్గర మా మామయ్య సరుగుడు తోటలోనే.

ఒకరోజు షాక్ కింది బ్రాకెట్ పక్కన వెంట్రుకంత గీత కనబడింది. పెయింట్ లేచిందిలే అనుకున్నాను. వారం తిరిగేసరికి అందులో గోరు దిగింది.

మొదటి రిపేరు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఆర్మ్ విప్పకుండానే పగులు మీద ఒక వరస వెల్డింగ్ వేయించాను. ఆర్మ్ ఊగే కీలులోని బుష్ రబ్బరు కాలిన వాసన అదనం. మూడు వారాలకే మళ్లీ పగిలింది, అదీ వెల్డింగ్ మీద కాదు, దాని అంచున.

తర్వాత చీమకుర్తి గ్రానైట్ లారీల చాసిస్‌లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. "ఊడదీసుకురా బాబూ, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు. తీసుకెళ్తే పగులును వదిలేసి ముందు బ్రాకెట్ చూశాడు. నేను దాన్ని పైపు గోడకి సరిగ్గా మధ్యలో అతికించాను. కుదుపు వచ్చినప్పుడల్లా ఆ పల్చటి గోడ డబ్బా మూత నొక్కినట్టు లోపలికీ బయటికీ ఆడుతోంది. అలా ఆడితే ఎంత మంచి వెల్డింగైనా ఆగదు.

పగులు రెండు కొసల్లో 3 ఎంఎం రంధ్రాలు వేశాడు, అది ఇంకా పాకకుండా. పాత వెల్డింగ్‌ని గ్రైండర్‌తో వీ ఆకారంలో తోడేసి అడుగుదాకా నింపాడు. దాని మీద 3 ఎంఎం ప్లేటు, రెండు చివర్లూ చతురస్రంగా కాదు, గాలిపటంలా కోసుగా. అలా చతురస్రంగా కోస్తే పైపుకి అడ్డంగా వెల్డింగ్ పడుతుంది, మళ్లీ అక్కడే పగులుతుందట. బ్రాకెట్‌కి ఇరువైపులా మూల పట్టీలు వేసి, బరువు పైపు పక్క గోడలకి చేరేలా చేశాడు. వెల్డింగ్ చేసేంతసేపూ యాక్సిల్‌ని బిగించే ఉంచాడు. అయినా వేడికి ఆర్మ్ కాస్త వంకర లాగింది. చైను లైను మళ్లీ సరిచేసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది.

పద్నాలుగు నెలలైంది, ఆ చోట పగులు లేదు. బరువు కొంచెం పెరిగింది, గుంతల్లో వెనకభాగం కాస్త మొద్దుగా అనిపిస్తుంది. ఉప్పుగాలికి ప్లేటు అంచున తుప్పు పడుతోంది, అది నా బద్ధకమే. ఈసారి ఆర్మ్‌కి నల్ల రంగు మానేసి పల్చగా తెల్ల రంగు వేశాను. పగులు మొదలైతే ముందు తుప్పు గీతే బయటపడుతుంది.

పోయిన నెల వాన తర్వాత అలాంటి ఎర్రగీత కనబడి గుండె జారింది. గుడ్డతో తుడిచాను, పోయింది. చైను మీంచి కారిన తుప్పు నీళ్లు.